మూడో గోల్ గురించి నేను మాట్లాడను

(హైదరాబాద్‌లో, అమ్ముగూడ దగ్గరి ఒక కమ్యూనిటీ హాల్లో, స్థానిక ఫుట్‌బాల్ జట్టు అభిమానులు ఆదివారం పొద్దున కలిసినప్పుడు చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. వెనకున్నవాళ్లు కాస్త ముందుకు రండి, మైకు సరిగ్గా పనిచేయట్లేదు. నేను గట్టిగానే మాట్లాడతాను కానీ ఈ ఫ్యాన్ల చప్పుడు ఎక్కువుంది.

పోయిన ఆదివారం మన జట్టు సీజన్ మొదటి మ్యాచ్‌లోనే 0-3తో ఓడిపోయింది. అది నేను చెప్పక్కర్లేదు, ఇక్కడున్నవాళ్లలో సగం మంది వానలో తడుస్తూ ఆ గట్టు మీద నిలబడి చూసినవాళ్లే. నెలల తరబడి ఎదురుచూసి, జెర్సీల కోసం ఇంటింటికీ తిరిగి చందాలు పోగేసి, కొత్త బంతులు కొని, తీరా మొదటి మ్యాచ్‌కే ఇట్లా అయితే ఎవరికైనా కడుపు మండుతుంది. నాకూ మండింది. ఆ రాత్రి అన్నం సహించలేదు, మా ఆవిడ రెండుసార్లు అడిగి ఊరుకుంది. కానీ సోమవారం పొద్దున్నుంచి మన వాట్సాప్ గ్రూపులో వచ్చిన మెసేజ్‌లు చదివాక, ఓడిపోయినదానికన్నా అవే ఎక్కువ బాధపెట్టాయి. అందుకే కమిటీవాళ్లని అడిగి ఇవాళ ఈ కాస్త టైమ్ తీసుకున్నాను.

కోచ్‌ని మార్చాలన్నారు. ఈ ఏడాది ఇక అయిపోయినట్టే అన్నారు, ఒక్క మ్యాచ్‌కే! అవి కోపంలో అనే మాటలు, నేను పట్టించుకోను. కానీ అన్నిటికన్నా ఎక్కువసార్లు వచ్చిన పేరు మన రైట్ బ్యాక్‌ది, అంటే వెనక కుడివైపు కాసేవాడిది. పంతొమ్మిదేళ్ల పిల్లాడు. వాడివల్లే అన్నారు, వాడిని బెంచ్ మీద కూర్చోబెట్టండి అన్నారు. వాడు బురదలో జారిపడ్డ ఫొటో ఒకటి పెట్టి దాని మీద ఏదో రాస్తే, కింద వరసగా నవ్వే బొమ్మలు. ఆ గ్రూపులో వాడూ ఉన్నాడు, వాళ్ల నాన్నా ఉన్నారు. ఇవాళ వాడు ఈ హాల్లో లేడు. ఎందుకు రాలేదో నేను విడిగా చెప్పాలా?

సరే, ఆట సంగతికి వద్దాం. వీడియో ఉంది, కాసేపట్లో అందరం కలిసి చూద్దాం, ముందు నేను చూసింది చెప్తాను. నేను ఆ రోజు కుడివైపు గీత బయట, నీళ్ల క్యాను పెట్టిన బల్ల పక్కన నిలబడ్డాను. ఇరవై నిమిషాలు దాటాక మనకి కుడివైపు, వాళ్ల హాఫ్‌లో, ఒక త్రో, అంటే గీత బయటనుంచి చేతులతో బంతి విసిరే అవకాశం, వచ్చింది. ఈ ఏడాది కోచ్ మన రైట్ బ్యాక్‌ని పైకి పంపుతున్నాడు, గీత పక్కన ముందు ఆడే వింగర్ లోపలికి జరిగితే గీత వెంబడి వాడు పరుగెత్తాలి. ఆలోచన మంచిదే, పెద్ద పెద్ద జట్లన్నీ ఆడేది అదే. కానీ వాడు పైకి వెళ్తే వెనక ఖాళీ అయిన చోటు ఎవరో ఒకరు కాయాలి కదా, మామూలుగా ఆ పని హోల్డింగ్ మిడ్‌ఫీల్డర్‌ది, అంటే మధ్యలో కాస్త వెనగ్గా ఉండి కాసేవాడిది. త్రో వేసేముందు మన రైట్ బ్యాక్ వెనక్కి తిరిగి, అరచెయ్యి చూపించి, వెళ్లనా అన్నట్టు సైగ చేశాడు. నాకు పదడుగుల దూరంలో చేశాడు, కళ్లారా చూశాను. జవాబు రాలేదు. మిడ్‌ఫీల్డర్ బంతి వైపే చూస్తున్నాడు, వెనక మధ్యలో కాసే సెంటర్ బ్యాక్‌లు ఇద్దరూ ఏమీ అనలేదు, గోల్‌కీపర్ నోరు మెదపలేదు, బెంచ్ మీదనుంచీ మాట లేదు. ఒక్క క్షణం ఆగాడు, ఇక వెళ్లిపోయాడు, ఎందుకంటే ప్రాక్టీస్‌లో వాడికి చెప్పింది అదే.

త్రో వేసిన బంతి వాళ్లకి చిక్కింది. వాళ్లు ఒక్క పొడుగు బంతి వేశారు, సరిగ్గా ఆ ఖాళీలోకి. వాళ్ల వింగర్ ఒంటరిగా పరుగెత్తాడు, అతన్ని ఆపడానికి మన సెంటర్ బ్యాక్ బయటికి రావాల్సివచ్చింది, దాంతో మధ్యలో తలుపు తెరిచినట్టయింది, పక్కనుంచి గోల్ ముందుకి క్రాస్ వచ్చింది, గోల్. మొత్తం పన్నెండు పదమూడు సెకన్లు. ఆ సెకన్లలో మన రైట్ బ్యాక్ ఏం చేశాడో తెలుసా? అక్కడెక్కడో పైనుంచి వెనక్కి తిరిగి, ఆ బురదలో మైదానం సగానికి పైగా పరుగెత్తి, గోల్ ముందు బాక్స్ దాకా వచ్చి, ఆ క్రాస్‌కి కాలు అడ్డం పెట్టబోయి జారిపడ్డాడు. మీరు నవ్విన ఫొటో అదే. ఆ టైమ్‌కి మన మిడ్‌ఫీల్డర్ ఇంకా సెంటర్ సర్కిల్ దగ్గరే ఉన్నాడు, కాబట్టి ఏ ఫొటోలోనూ పడలేదు. మన మిడ్‌ఫీల్డర్ ఇక్కడే ఉన్నాడు, నిన్ను తప్పు పట్టడానికి చెప్పట్లేదు నాన్నా, నీకు ఆ పని ఎవరైనా స్పష్టంగా అప్పజెప్పారా లేదా అన్నది నాకూ తెలియాలి. మొన్న అడిగితే నువ్వు చెప్పావు, ప్రాక్టీస్ మ్యాచ్‌లలో ఆ ఖాళీని సెంటర్ బ్యాక్ జరిగి కాస్తున్నాడని, అందుకే నీ పని అనుకోలేదని. అదీ అసలు సంగతి. ఇద్దరు కాయాల్సిన చోటు, ఇద్దరూ అవతలివాడు చూసుకుంటాడని వదిలేసిన చోటు.

రెండో గోల్ కార్నర్ మీద పడింది. మన కీపర్ బాగానే వచ్చాడు, పిడికిలితో కొట్టాడు, బంతి బాక్స్ అంచున పడింది. అక్కడ మనవాళ్లు ఒక్కరూ లేరు. తొమ్మిది మంది గోల్ ముందు గుంపుగా ఉన్నారు. వాళ్ల కుర్రాడు తీరిగ్గా బంతిని ఆపుకుని, చూసి, కొట్టాడు. ఇక్కడా అదే జబ్బు. బంతి బయటికి వస్తే ఎవరు వెళ్లాలన్నది ముందే అనుకోలేదు, అనుకోనప్పుడు ఒకరైనా అరవాలి, ఎవరూ అరవలేదు. మీరు గమనించారో లేదో, ఎదుటి జట్టు మొత్తం తొంభై నిమిషాలూ అరుస్తూనే ఉంది. నాది, వదిలెయ్, వెనకున్నాడు, తిరుగు. మనవాళ్లు మాత్రం పరీక్ష హాల్లో ఉన్నట్టు ఆడారు.

మూడో గోల్ గురించి నేను మాట్లాడను. రెండు గోల్స్ వెనకబడ్డాక అందరూ పైకి వెళ్లారు, వెళ్లాల్సిందే, ఒక్క పాస్‌తో కొట్టేశారు. ఎవరు ఆడినా ఆ పరిస్థితిలో అది జరుగుతుంది. స్కోరు మాత్రమే చూసినవాడికి మూడు గోల్సూ ఒకటే, కానీ మనకు ఒకటి కాకూడదు. వచ్చే మ్యాచ్‌లో మళ్లీ పడే గోల్ ఏది, పడనిది ఏది, అది విడదీయడం ఒక్కటే మొదటి ఓటమి తర్వాత చేయాల్సిన పని అని నేను గట్టిగా నమ్ముతాను.

ఇది నా సొంత తెలివి కాదు. మన ఊరి ఫుట్‌బాల్ చరిత్రలోనే ఉంది, మా నాన్న దగ్గర విని పెరిగాను. 1952లో హెల్సింకి ఒలింపిక్స్‌కి మన దేశం జట్టు వెళ్లింది, కోచ్ మన సయ్యద్ అబ్దుల్ రహీం సాబ్. మొదటి మ్యాచ్ యుగోస్లావియాతో, 10-1తో ఓడిపోయాం. పది గోల్స్! అదే ఇవాళ జరిగితే వాట్సాప్‌లో ఏం రాసేవాళ్లో ఊహించుకోండి. ఆ ఓటమిలో మళ్లీ జరగబోయేది ఒకటి ఉంది, మనవాళ్లలో చాలామంది ఆ చలిలో, ఆ తడి గడ్డి మీద వట్టి కాళ్లతో ఆడారు. ఆటగాళ్లను తిట్టినంత మాత్రాన అది మారదు. ఆ తర్వాత మన ఫుట్‌బాల్ ఫెడరేషన్ బూట్లు తప్పనిసరి చేసింది. నాలుగేళ్లకి, 1956లో మెల్‌బోర్న్‌లో అదే రహీం సాబ్ జట్టు ఆస్ట్రేలియాని 4-2తో కొట్టి సెమీఫైనల్‌కి వెళ్లింది, నెవిల్ డిసౌజా హ్యాట్రిక్. సెమీస్‌లో మళ్లీ అదే యుగోస్లావియా. ముందు గోల్ మనది, చివరికి 4-1తో ఓడాం, నాలుగో స్థానం వచ్చింది. ఓడాం నిజమే, కానీ పదికీ నాలుక్కీ మధ్య ఎంత పని జరిగిందో చూడండి.

రహీం సాబ్ బడిపంతులు. ఉస్మానియాలో చదువుకున్నాడు, మన ఊరి బళ్లలో పాఠాలు చెప్పాడు, 1950 నుంచి హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకి కోచ్. 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు రోవర్స్ కప్ అనే పెద్ద టోర్నమెంట్ మన పోలీసు జట్టే గెలిచింది, బొంబాయి వెళ్లి మరీ. ఆయన డ్రిబ్లింగ్, అంటే బంతిని కాళ్ల దగ్గరే పెట్టుకుని పోవడం, చేయకూడదనే నియమంతో టోర్నమెంట్లు పెట్టేవాడు. బంతి వస్తే వెంటనే పాస్ ఇవ్వాలి, అంతే. బలహీనమైన కాలితోనే ఆడాలని ఇంకో రకం టోర్నమెంట్. అంటే కుర్రాడికి ఏది చేతకాదో దాని గురించి తిట్టకుండా, దాన్నే ఆటగా మార్చి ముందు పెట్టాడు. పంతులు బుద్ధి అది. ఈ మాట దగ్గరికి మళ్లీ వస్తాను.

1962 జకార్తా ఏషియన్ గేమ్స్ సంగతి మీకందరికీ తెలుసు, గోల్డ్ వచ్చింది. కానీ అది ఎట్లా మొదలైందో తక్కువమంది గుర్తుపెట్టుకుంటారు. మొదటి మ్యాచ్ దక్షిణ కొరియాతో, 0-2తో ఓడాం. గ్రూపు మ్యాచ్‌లంటేనే మూడు, ఇంకొకటి పోతే ఇంటికే. తర్వాత థాయ్‌లాండ్‌ని 4-1తో, జపాన్‌ని 2-0తో కొట్టాం. మధ్యలో జర్నైల్ సింగ్‌కి తల పగిలి కుట్లు పడ్డాయి. డిఫెండర్ ఆయన, తలతో బంతిని కొట్టే డిఫెండర్‌కి తలకు కుట్లంటే వేరే కోచ్ అయితే పక్కన పెట్టేవాడు. రహీం సాబ్ ఆయన్ని తీసుకెళ్లి ముందు, సెంటర్ ఫార్వర్డ్‌గా నిలబెట్టాడు. సెమీస్‌లో దక్షిణ వియత్నాం మీద 3-2, ఫైనల్‌లో మళ్లీ అదే కొరియా, స్టేడియం నిండా మనకి వ్యతిరేకంగా అరిచే జనం. ఇరవై నిమిషాలకే రెండు గోల్స్ కొట్టాం, ఒకటి పీకే బెనర్జీ, ఇంకొకటి ఆ కట్టు కట్టుకున్న జర్నైల్ సింగే. 2-1తో గెలిచాం. గోల్‌లో మన తంగరాజ్. ఆ జట్టులో తులసీదాస్ బలరాం ఉన్నాడు, ఈ అమ్ముగూడ గల్లీల్లో బంతి తన్నుకుంటూ పెరిగిన పిల్లాడు, మన పిల్లాడు. 2023లో పోయాడు ఆయన. రహీం సాబ్‌కి అప్పటికే క్యాన్సర్, ఏడాది తిరక్కుండానే, 1963 జూన్‌లో వెళ్లిపోయాడు. ఈ మాట చెప్పినప్పుడల్లా మా నాన్న గొంతు మారిపోయేది, నాకూ అంతే.

ఇక్కడున్న చిన్నవాళ్లకి ఇదంతా నలుపు తెలుపు ఫొటోల కాలం అనిపించొచ్చు, కాబట్టి మీరు కళ్లతో చూసింది చెప్తాను. హైదరాబాద్ ఎఫ్‌సీ. 2019 అక్టోబర్, ఐఎస్ఎల్‌లో, అంటే ఇండియన్ సూపర్ లీగ్‌లో, మన మొట్టమొదటి మ్యాచ్, కోల్‌కతాలో అక్కడి జట్టు ఏటీకే చేతిలో 5-0తో ఓటమి. తర్వాత జంషెడ్‌పూర్‌లో 3-1తో మళ్లీ ఓటమి. మూడో మ్యాచ్ గచ్చిబౌలిలో, నవంబర్ 2న, కేరళ బ్లాస్టర్స్‌తో. మనలో ఎంతమంది వెళ్లాం ఆ రోజు? చేతులెత్తండి. చూశారా. ముందు వాళ్లే కొట్టారు, రాహుల్ కేపీ. తర్వాత పెనాల్టీ మీద స్టాంకోవిచ్ సమం చేశాడు, చివర్లో మార్సెలినో ఫ్రీ కిక్. 2-1. ఆ రాత్రి గచ్చిబౌలి నుంచి బండ్ల మీద అరుచుకుంటూ వచ్చాం, సికింద్రాబాద్‌లో ఇరానీ హోటల్ మూసేస్తుంటే ఆపి మరీ చాయ్ తాగాం. 5-0 ఏదో కొత్త జట్టు తడబాటు, ఇక కుదురుకున్నాం అనుకున్నాం.

ఆ తర్వాత మళ్లీ గెలిచింది లీగ్‌లో చివరి మ్యాచ్‌లో. పద్దెనిమిది మ్యాచ్‌లలో రెండంటే రెండే గెలుపులు, పది పాయింట్లు, అట్టడుగు స్థానం. కోచ్‌ని జనవరిలోనే తీసేశారు. నేను తర్వాత ఎన్నోసార్లు ఆలోచించాను, ఆ 5-0 మనకి నిజమే చెప్పింది, వెనక గట్టితనం లేదని చెప్పింది, మనమే వినలేదు. మనల్ని మోసం చేసింది ఆ గచ్చిబౌలి గెలుపు. ఒక ఫ్రీ కిక్ అందంగా వంపు తిరిగి లోపలికి పోయేసరికి, గోల్స్ ఎందుకు పడుతున్నాయో అడగడం మానేశాం. అందుకే చెప్తున్నాను, వచ్చే ఆదివారం మనవాళ్లు గెలిచినా సరే నేను ముందు ఆ కుడివైపు ఖాళీనే చూస్తాను, మీరూ అదే చూడండి.

ఇప్పుడు రెండేళ్లు ముందుకి రండి. 2021 నవంబర్, కోవిడ్ వల్ల లీగ్ మొత్తం గోవాలోనే. మనోలో మార్కెజ్ కోచ్. మొదటి మ్యాచ్ చెన్నైయిన్‌తో, మళ్లీ ఓటమి, 0-1, ఒక్క పెనాల్టీ తేడా. ఇంట్లో టీవీ ముందు కూర్చుని మా అబ్బాయి రిమోట్ విసిరేశాడు. కానీ ఈసారి జట్టు పద్ధతి చెదరలేదు. ఎవరు ఎక్కడుండాలో తెలిసిన జట్టుని మీరు టీవీలో కూడా గుర్తుపట్టొచ్చు, బంతి పోయిన మరుక్షణం ఎవరూ పక్కవాడి మొహం చూడరు. నాలుగు రోజుల తర్వాత, ముందటేడు ఛాంపియన్లయిన ముంబైని 3-1తో కొట్టారు. మన ఫార్వర్డ్ ఓగ్‌బెచే ఆ సీజన్‌లో పద్దెనిమిది గోల్స్ కొట్టాడు. 2022 మార్చి 20న గోవాలోని ఫటోర్డాలో ఫైనల్, మళ్లీ కేరళ, స్టేడియం అంతా వాళ్ల పసుపు రంగే. మళ్లీ ముందు గోల్ ఆ రాహుల్ కేపీదే! ఎనభై ఎనిమిదో నిమిషంలో సాహిల్ తవోరా బాక్స్ బయట నుంచి కొట్టి సమం చేసిన ఆ షాట్, తర్వాత పెనాల్టీల్లో మన కీపర్ కట్టిమణి ఆపినవి మూడు, గెలిపించిన ఆఖరి పెనాల్టీ కొట్టింది నర్జరీ. మొదటి మ్యాచ్ ఓడిన జట్టే ఛాంపియన్.

ఆ జట్టు ఇప్పుడు లేదు. ఇది చెప్పకుండా ముందుకి పోలేను. మైదానంలో ఓడిపోయి పోలేదు అది. డబ్బు కష్టాలు వచ్చాయి, ఆటగాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయారు, 2023-24లో ఇరవై రెండు మ్యాచ్‌లలో ఒక్కటే గెలుపు, చేతులు మారింది, చివరికి 2025లో ఢిల్లీకి తరలిపోయి వేరే పేరు పెట్టుకుంది. మొదట్లో గచ్చిబౌలి గ్యాలరీలో గొంతు పోయేలా అరిచిన మనం, ఆ చివరి రెండు సీజన్లలో ఎన్ని మ్యాచ్‌లకి వెళ్లాం? నేను మూడుకి వెళ్లాను. మిగతావాటికి వెళ్లకపోవడానికి నా దగ్గర సరైన కారణం లేదు. నేను వెళ్తే జట్టు ఆగేదని చెప్పట్లేదు, ఆ లెక్కలు వేరు. కానీ ఖాళీ కుర్చీల ముందు ఇరవై ఏళ్ల పిల్లలు ఆడుతుంటే టీవీలో చూసి ఛానల్ మార్చిన రోజులున్నాయి, అవి నాకు గుర్తున్నాయి. ఈ చిన్న జట్టు విషయంలో ఆ పని మళ్లీ చేయను.

సరే, ఇప్పుడు ఏం చేద్దాం. కోచ్‌తో శుక్రవారం మాట్లాడాను, ఆయన చాలా మర్యాదగా విన్నాడు. కుడివైపు ఖాళీ మిడ్‌ఫీల్డర్‌దా సెంటర్ బ్యాక్‌దా అన్నది మంగళవారం ప్రాక్టీస్‌లో తేల్చేస్తానన్నాడు, ఒకటే పేరు చెప్తానన్నాడు. కార్నర్లప్పుడు బాక్స్ అంచున ఇద్దరు. మిగతాది ఆ నోరు విప్పడం. దానికి రహీం సాబ్ పద్ధతిలోనే ఒకటి అడిగాను. ప్రాక్టీస్‌లో ఇరవై నిమిషాలు, పాస్ ఇచ్చే ముందు పేరు పిలవకపోతే బంతి అవతలి జట్టుకి ఇచ్చేయాలి. మొదట్లో పిల్లలు సిగ్గుపడతారు, ముఖ్యంగా మన కీపర్, వాడు మామూలుగానే నాలుగు మాటలు మాట్లాడడు. మనలో ఖాళీ ఉన్నవాళ్లు వెళ్లి గట్టు మీద కూర్చుందాం, పిలిచినప్పుడల్లా చప్పట్లు కొడదాం. ఆటో నడిపే అన్నలు, రాత్రి డ్యూటీ దిగి వచ్చేవాళ్లు, ఓ పావుగంట ఆగినా చాలు. గ్రూపులో ఫొటో పెట్టిన తమ్ముడు మొన్న రాత్రే నాకు ఫోన్ చేసి తీసేస్తానన్నాడు, తీసేశాడు కూడా. పేరు చెప్పను. అతనికి నా మీద కోపం లేదు, నాకు అతని మీద లేదు.

వీడియో మొదలుపెడదాం. మొదటి గోల్ దగ్గర కాదు, దానికి ముందు ఆ త్రో దగ్గర ఆపు నాన్నా, వాడు చెయ్యెత్తి అడిగేది కనిపించాలి. తెర అటువైపు లైటు తీసేయండి. కాదు, ఒక్క నిమిషం, ఆగండి. చాయ్ ఇంకా రాలేదు కదా. ఈలోపు ఎవరైనా ఇద్దరు వెళ్లి మన రైట్ బ్యాక్‌ని తీసుకురండి, రెండు గల్లీల అవతలే ఇల్లు, నీలం గేటు. నేను పొద్దున వెళ్లి పిలిస్తే వస్తాననీ అనలేదు, రాననీ అనలేదు. మిడ్‌ఫీల్డర్ తమ్ముడూ, నువ్వు వెళ్లు, నువ్వు పిలిస్తే వస్తాడు. వాడు వచ్చాకే చూద్దాం.